"నేనొచ్చి తీస్తాగా!"

పాత కారున్న ఇళ్ళల్లో తరచూ వినబడే మాట ఒకటుంది. "ఆగు, నేనొచ్చి తీస్తాగా!" వెనక తలుపుకి లోపలి హ్యాండిల్ విరిగిపోయి ఉంటుంది. ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి బయటినుంచి తీస్తే తప్ప ఇల్లాలో, అత్తగారో, పిల్లలో దిగడానికి వీల్లేదు. చూసేవాళ్ళకి అది మర్యాదలా కనిపిస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళకి మాత్రం తెలుసు, అది ఆరునెలలుగా వాయిదా పడుతున్న రిపేరని!

ఇంజన్‌లో చిన్న చప్పుడు వస్తే చాలు, సాయంత్రానికల్లా కారు మెకానిక్ దగ్గరుంటుంది. టైర్లకీ, బ్యాటరీకీ డబ్బు ఎలాగో పుడుతుంది. అదే అద్దం దించే హ్యాండిలో, సీటు బెల్టు కొక్కెమో, లోపలి లైటో పాడైతే "బండి నడుస్తోందిగా, ఇప్పుడేం తొందర?" అంటారు. నడిపే వైపు తలుపు పాడైతే ఇంత ఓపిక ఉండదు. విరిగినవన్నీ పక్క సీట్లోనూ, వెనక సీట్లోనూ మిగిలిపోతాయి. అక్కడ ఎక్కువగా కూర్చునేది ఎవరో వేరే చెప్పాలా? ఈ రోజుల్లో మనమూ కార్లు నడుపుతున్నాం. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా వెనక కూర్చున్నవాళ్ళ ఇబ్బంది పట్టించుకోవాల్సిందే.

ఇదేదో కారు అందానికి సంబంధించిన గొడవ అనుకోకండి. వైర్లు కాలి పొగలొచ్చినా, కారు కాలవలోకి జారినా బయటపడే దారి ఆ తలుపే. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయినప్పుడు, వెనక సీట్లో ఆయన బెల్టు పెట్టుకోలేదన్న సంగతి ఊరూరా మాట్లాడుకున్నారు. పెట్టుకుందామన్నా కొక్కెం పట్టని బెల్టుతో ఏం చేస్తాం?

"పాత మోడలు, పార్టులు దొరకవు" అనే మాట కూడా ఊరికే నమ్మక్కర్లేదు. మారుతి 800 సంగతే చూడండి. మొదటి కారు తాళాలు కొన్నవారి చేతికొచ్చింది 1983 డిసెంబరులో. తయారీ ఆగిపోయింది 2014లో. ముప్ఫై ఏళ్ళపాటు తయారైన బండి కాబట్టి దాని చిన్న సామాన్లు స్పేర్ పార్టుల షాపుల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. మా పాత మారుతి వెనక తలుపు హ్యాండిల్ విరిగితే ఒక మెకానిక్ తలుపు లోపలి అట్ట మొత్తం మార్చాలన్నాడు. విరిగిన ముక్క పట్టుకుని షాపుకి వెళ్తే హ్యాండిల్ ఒక్కటే ఇచ్చారు. ఒక పూట హోటలు భోజనమంత ఖర్చు కూడా కాలేదు! సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒకసారి అడిగి చూడకుండా ఆశ వదులుకోవద్దు. వెళ్ళేటప్పుడు పాత ముక్క తీసుకెళ్ళండి. కుడి తలుపుదా, ఎడమదా, కారు ఏ సంవత్సరంది అనేవి కాగితంమీద రాసుకోండి. ఆర్.సి. జిరాక్సు ఉంటే మరీ మంచిది.

కొన్ని సంగతులు మనకీ తెలిసుండాలి. వెనక తలుపు లోపలినుంచి రాకపోతే ముందు చైల్డ్ లాక్ చూడండి. తలుపు తెరిస్తే దాని అంచున చిన్న మీట ఉంటుంది. అది పడి ఉంటే హ్యాండిల్ బాగున్నా తలుపు రాదు. చాలా పాత కార్లలో అద్దం తిప్పే హ్యాండిల్‌ని ఒక తీగ క్లిప్పు పట్టి ఉంచుతుంది. హ్యాండిల్ వెనక గుడ్డపేలిక దూర్చి అటూ ఇటూ లాగితే అది ఊడొస్తుంది. చటుక్కున ఎగురుతుంది, కళ్ళు జాగ్రత్త! విరిగిన ప్లాస్టిక్ హ్యాండిల్‌ని జిగురుతో అతికిస్తే రోజూ లాగే లాగుడుకి ఎన్నాళ్ళో ఆగదు. చిన్న సామాన్లు సెకండ్ హ్యాండ్‌వి కొన్నా ఫరవాలేదుగానీ సీటు బెల్టు మాత్రం కొత్తదే వేయించండి. పాతది ఏ ప్రమాదంలో ఎంత లాగబడిందో పైకి చూస్తే తెలియదు.

కంపెనీలకీ బాధ్యత ఉంది. మన రాష్ట్రాల్లో పదిహేనేళ్ళు నిండిన సొంత కారుని తనిఖీ చేయించి, అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. చట్టం తిరగనిచ్చే బండికి తలుపు గొళ్ళెం దొరక్కపోతే ఎలా? 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ "రిపేరు చేయించుకునే హక్కు" మీద ఒక కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా తెరిచింది. వాహనాలూ అందులో ఒక విభాగం. ఈ హక్కు మనదీనని గుర్తుపెట్టుకుని, సర్వీసుకి ఇచ్చేటప్పుడు లోపలి సామాన్ల గురించి కూడా గట్టిగా అడగాలి.

ఈ ఆదివారం కారు కడిగేటప్పుడు ఒక పదినిమిషాలు వెచ్చించండి. ప్రతి సీట్లోనూ కూర్చుని తలుపు లోపలినుంచి తీసి చూడండి. అద్దాలు దించండి, బెల్టులు పెట్టి తీయండి. పనిచేయనివన్నీ చీటీ రాసి కిరాణా జాబితాతోపాటే ఇంటాయన చేతిలో పెట్టండి. అప్పటికీ పని జరక్కపోతే ఈసారి ఊరెళ్ళేటప్పుడు ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి మీరు నడపండి!