మధ్య పేజీలో పేర్ల పట్టిక వద్దు



మన గోడపత్రిక కాకుండా ఈ ఏడాది ఆటలు, ఆరోగ్యం మీద ఒక చిన్న పత్రిక అచ్చు వేయించాలని మొన్న స్టడీ అవర్‌లో అనుకున్నాం కదా. దాని మీద నా అభిప్రాయం రాస్తున్నాను. మీటింగులో చెప్పలేకపోయాను. అందరూ ఒక్కసారే మాట్లాడితే నాకు నోరు రాదు. తప్పులుంటే మన్నించాలి.

ముందు పేజీల సంగతి. 16 పేజీలు అనుకున్నాం. తర్వాత ఒక అక్క ఇంకొక్క పేజీ పెంచుదాం అంది. అలా కుదరదు. నేను నోట్‌బుక్ కాగితాలు నాలుగు మడిచి, మధ్యలో దారంతో కుట్టి చూశాను. ఒక కాగితం మడిస్తే 4 పేజీలు వస్తాయి. పెంచితే నాలుగూ పెంచాలి, 20 అవుతాయి. కుట్టు విప్పి చూస్తే ఇంకో తమాషా. 1వ పేజీ పక్కన 16 ఉంది. దాని వెనక 2, 15. ఏ కాగితం మీదైనా పక్కపక్క నంబర్లు కూడితే 17 వస్తుంది! లెక్కల సారుకి చూపిస్తే ఎందుకలా వస్తుందో నువ్వే చెప్పు అన్నారు, ఇంకా ఆలోచిస్తున్నాను. 8, 9 మాత్రమే వరుస తప్పకుండా ఒకే కాగితం మీద పక్కపక్కన పడతాయి. పుస్తకం తెరిస్తే ముందు అక్కడే తెరుచుకుంటుంది. పిన్ను తీసి ఆ కాగితం గోడకు అంటించుకోవచ్చు.

ఆ మధ్య పేజీలోనే అందరి ఎత్తు, బరువు, రక్తం ఎంత ఉందో పేర్లతో పట్టిక వేద్దామన్నారు. సిగ్గుపడైనా బాగా తింటారట. దీనికి నేను ఒప్పుకోను.

గోడపత్రిక అయితే నెల తిరిగితే తీసేస్తాం. తప్పు పడితే పైన కాగితం అంటిస్తాం. అచ్చయింది అలా కాదు. 200 కాపీలు పండక్కి మన ట్రంకు పెట్టెల్లో ఊళ్ళకు వెళ్ళిపోతాయి. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే, మా అమ్మకు నేనే చదివి చెప్పాలి. కానీ ఊళ్ళో చదివేవాళ్ళు వేరే ఉన్నారు. "ఆ పిల్లకి ఒంట్లో రక్తం లేదంట" అని సంతలో అంటారు. రేపు పెళ్ళి మాటల్లో కూడా అదే వస్తుంది. అప్పుడు మనం వెళ్ళి 200 కాపీలు వెనక్కి తేగలమా?

మన హాస్టల్లో ఒకమ్మాయి ఉంది. ఏ తరగతో కూడా రాయను. పరుగులో మధ్యలో కూర్చుండిపోయేది. అందరం బద్ధకం అన్నాం. నేను కూడా నవ్వాను. ఒక రాత్రి కాళ్ళ నొప్పులతో తెల్లారే వరకు ఏడ్చింది. తర్వాత రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు మన కొడవలిలాగా వంగిపోయి సన్న నరాల్లో ఇరుక్కుంటాయంట. నీళ్ళు తాగకుండా ఎండలో బాగా పరిగెత్తినా, చలిలో తడిసినా నొప్పి వస్తుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ, ఇద్దరి నుంచీ వస్తేనే వస్తుంది. మన గిరిజనుల్లో ఎక్కువ కాబట్టే 2023 జూలై 1న దీని కోసం దేశమంతా ఒక మిషన్ మొదలుపెట్టారు.

అందుకే మధ్య పేజీ పరిగెత్తలేనివాళ్ళకి ఇద్దాం. మన వయసు ఆడపిల్లలకు హీమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత అని రాద్దాం. వారానికొక నీలం మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలి, పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, వెంటనే టీ తాగకూడదు. నేను రెండుసార్లు మాత్ర బాత్రూం వెనక పారేశాను. మేడం గారు తిట్టకండి, ఎందుకు వేసుకోవాలో అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా ఐరన్ మాత్ర వేసుకోకూడదు. అది పెద్ద అక్షరాలతో వేయాలి. ఎంతమందికి రక్తం తక్కువుందో అంకె వేసుకోవచ్చు, పేర్లు వద్దు.

వ్యాయామం పేజీలకు ఫోనులోంచి జిమ్ము బొమ్మలు తీద్దామన్నారు. ఆ మిషన్లు మన దగ్గర ఏవి? ధింసా వేద్దాం. ఒకరి వెనక ఒకరు చేతులు కలిపి అరగంట ఆడితే ఎవరికెంత దమ్ముందో తెలిసిపోతుంది. బొమ్మలు మాత్రం పెన్సిలుతో గీయొద్దు, జిరాక్సులో సరిగా పడవు. నల్ల పెన్నుతో గీయాలి. 200 కాపీలకు ఆఫ్‌సెట్ ప్లేట్లు కూడా దండగే, జిరాక్సే చాలు.

కవరు మీద మాలావత్ పూర్ణ ఉండాలన్నది నాకు నచ్చింది. మనలాగే గిరిజన పిల్ల, గురుకులంలో చదివి, 13 ఏళ్ళకే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ముందు భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. కాని రంగుల కవరు వద్దు, నలుపు తెలుపు బొమ్మ గీద్దాం. మిగిలిన డబ్బుతో ఆ 4 పేజీలు పెంచుకోవచ్చు. అప్పుడు మధ్య పేజీలు 10, 11 అవుతాయి, మొత్తం 21 వస్తుంది. చూశాను.

ప్రూఫు రాగానే మధ్య పేజీ ముందు ఆ అమ్మాయికి చూపించాలి. తన పేరు లేకపోయినా తన సంగతే కదా. ఈ గోడ మీద రాసింది కూడా తనకు చదివి వినిపించాకే రాశాను. అచ్చుకి వద్దంటే ఆ ముక్క తీసేద్దాం. ఆ చోటికి ధింసా అడుగుల బొమ్మలు నేను గీసిస్తాను.

– 9వ తరగతి