దొరల పొత్తు - జనం గోస

స్కందర్‌బేగ్ ఒక్కడే పాతికేళ్లు ఒట్టోమాన్ సుల్తాన్లను ఆపిండని, ఆయన పోయినంకనే అల్బేనియా కూలిందని చెప్పేది సగం చరిత్రే. మిగతా సగం ఎవరి కోసం దాస్తున్నారు? ఆ గడ్డను పంచుకుతిన్న దొరల కోసమే కదా!

1190 ప్రాంతంలో క్రుయా కోట కేంద్రంగా ప్రోగన్ అర్బనాన్ రాజ్యాన్ని నిలబెట్టాడు. అది వందేళ్లు కూడా సాగలేదు. 1272లో దుర్రెస్ రేవు చేజిక్కించుకున్న అంజూ చార్లెస్ తానే 'అల్బేనియా రాజు'నన్నాడు. ఆ తర్వాత తోపియా, బల్షా, ముజాకా, అరియానిటి, కస్త్రియోటి వంశాలు. ఎవరి లోయ వారిది, ఎవరి కోట వారిది.

వీళ్ల దేశభక్తి ఎంతటిదో చూడండి. 1385లో బల్షాల మీద కోపంతో ఒట్టోమాన్ సేనను పిలిచింది కార్ల్ తోపియానే అంటారు. సావ్రా దగ్గర రెండో బల్షా ఆ సేన చేతిలోనే చచ్చాడు. 1392లో తోపియా కొడుకు దుర్రెస్‌ను వెనిస్‌కు అప్పగించాడు. 1396లో బల్షా వారసుడు ష్కోద్రాను అదే వెనిస్‌కు ఇచ్చేశాడు. అక్కడి జనాన్ని అడిగి ఇచ్చారా?

1431-32లో సుల్తాన్ అధికారులు ఊరూరా లెక్కలు రాసి, భూముల శిస్తును తిమార్లుగా, అంటే జాగీర్లుగా పంచారు. కత్తి కన్నా ఈ దస్తావేజే పదునైంది. అరియానిటి తిరగబడ్డది ఆ మంటతోనే.

1444 మార్చి 2న లెజాలో దొరలంతా కూడారు. కూడిన ఊరు కూడా వెనిస్‌దే! సేనకు నాయకుడు స్కందర్‌బేగ్, కానీ జాగీర్లు ఎవరివి వారికే. 1450లో సుల్తాన్ మురాద్ స్వయంగా వచ్చినా క్రుయా లొంగలేదు. దొరలు మాత్రం లొంగారు. నమ్మిన సేనాని మొయిసి గోలెమి అవతలి పక్షం చేరి, ఓడినంక తిరిగొచ్చాడు. స్కందర్‌బేగ్ అన్నకొడుకు హంజా కూడా అటే పోయాడు. మేనమామకు కొడుకు పుడితే వారసత్వం పోతుందన్న కడుపుమంట కాదు, పినతండ్రికి కొడుకు పుట్టాడన్న కడుపుమంట అది! 1457లో అల్బులేనా దగ్గర శత్రుసేనతో పాటే పట్టుబడ్డాడు.

1468లో స్కందర్‌బేగ్ కన్నుమూశాడు. 1478లో క్రుయా పోయింది. 1479లో వెనిస్ సంధి రాసుకుని ష్కోద్రాను సుల్తాన్ చేతిలో పెట్టింది. దొర కొడుక్కి నేపుల్స్ రాజ్యంలో జాగీరు దొరికింది. సముద్రం దాటిన రైతుల వారసులు దక్షిణ ఇటలీ ఊళ్లలో నేటికీ అర్బరేష్ మాట్లాడుతున్నారు.