ఆర్మేనియా సేనకు బొమ్మల యెంపిక

ప్రాచీనార్మేనియా సేనను చిన్నబొమ్మలతో నిలుపఁగోరువారు పలువురు పొరుగుదేశమగు పార్థియా రౌతుబొమ్మలను గొని తృప్తి నొందుచున్నారు. గుఱ్ఱమునకును రౌతునకును కవచమున్నఁ జాలునందురు. మేమంగీకరింపము. క్రీ. పూ. 69లో తిగ్రనోకెర్త యొద్ద తిగ్రాను చక్రవర్తితోఁ బోరునపుడు రోమక సేనాని లుకుల్లసు శత్రురౌతుల తొడలను పిక్కలను గొట్టుఁడని యాజ్ఞాపించెననియు, వారి దేహమున కవచము లేని తావులవియే యనియు ప్లూటార్కు వ్రాసెను. కావున కాళ్లకుఁగూడ లోహము తొడిగిన బొమ్మ యెంత సొగసైనదైనను ఆ యుద్ధమునకుఁ దగదు. రౌతులు 55,000, అందుఁ గవచధారులు 17,000 అనియు నాతఁడే చెప్పెను. (రోమకులు శత్రుసంఖ్యను పెంచి చెప్పుట క్రొత్త గాదు.) అయినను పాలు తెలియుచున్నది: కవచధారి యొక్కనికి తేలికరౌతు లిద్దఱు. చక్రవర్తి బొమ్మకు మాత్రము ఆయన నాణెములే సాక్షి. రెండు గద్దల నడుమ నక్షత్రము గల యెత్తైన కిరీటమును వానిపైఁ జూడవచ్చును.