పాలు తెలుపా, పసుపా?

పోయిన చలికాలంలో ఒక ఉదయం మా పై వాటాలో ఉండే ఇల్లాలు గుప్పెడు ఆకు పట్టుకుని వచ్చారు. అబ్బాయిని అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ దగ్గర దింపి చిక్కడపల్లికి నడిచి వస్తూ, చుట్టూ గోడ కట్టి వదిలేసిన ఒక ఖాళీ స్థలంలో కోశారట.

‘‘మాస్టారూ, ఇది లివరుకు చాలా మంచిదట. ఫోన్లో బొమ్మ కూడా వచ్చింది. పప్పులో వేసేయమంటారా?’’ అన్నారు.

ఫోన్లోని బొమ్మ సరైనదే. సాంకస్ ఒలరేసియస్ అనే మొక్క. ఇంగ్లీషువాళ్లు సో తిజిల్ అంటారు. చిక్కల్లా ఆవిడ చేతిలోని ఆకుతోనే వచ్చింది. అందులో రెండు రకాల మొక్కలున్నాయి. రెండింటికీ ఆకు అంచున ముళ్లు, రెండింటికీ పసుపు పూలు, రెండింటి ఆకులూ కాండాన్ని పట్టుకునే ఉంటాయి. ఒక్కొక్క కాడ తీసి తుంచి చూపించాను. ఒక దానిలోంచి పాలలాంటి తెల్లని ద్రవం వచ్చింది. రెండో దానిలోంచి పసుపు నీళ్లలాంటిది కారింది. ఆ రెండోది బలురక్కసి. కొందరు బ్రహ్మదండి అని కూడా అంటారు. అది కూర కాదు, విషం.

ఆ పూట వాళ్లింట్లో టమాటా పప్పుతో సరిపెట్టుకున్నారు. ఈ వారం ఈ మొక్క గురించి రాయాలనిపించింది అందుకే.

ముందు మంచి మొక్క సంగతి చూద్దాం. ఇది పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబానికి చెందినది. శాస్త్రంలో ఆ కుటుంబం పేరు ఆస్టరేసి. ఒక్క ఏడాదిలోనే మొలిచి, పూసి, ఎండిపోతుంది. అడుగు నుంచి మూడు నాలుగడుగుల దాకా ఎదుగుతుంది. కాండం లోపల బోలు. ఆకు మెత్తగా, కొంచెం బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. అంచులు తెగినట్టు లోపలికి చీలి, కొసన పెద్ద ముక్కోణం మిగులుతుంది. ముళ్లున్నా మెత్తనివి, చేతికి గుచ్చుకోవు. కాండం మీది ఆకు మొదట్లో రెండు కోసుగా ఉన్న చెవులు కాండాన్ని కావలించుకుని ఉంటాయి. దీని తోబుట్టువు సాంకస్ ఆస్పర్‌కు ఆ చెవులు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి, ముళ్లు బిరుసుగా ఉంటాయి.

మనం పువ్వు అనుకునేది నిజానికి ఒక్క పువ్వు కాదు. పట్టీల్లాంటి సన్నని పూలు ఎన్నో ఒక్కచోట చేరిన గుత్తి. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. తర్వాత ఒక్కో గింజకూ తెల్లని నూగు కుచ్చు వస్తుంది. జిల్లేడు దూదిలాగే గాలికి లేచి, మూడో అంతస్తు బాల్కనీలోని కుండీలోకైనా చేరుతుంది. ఒక్క మొక్క వేల గింజలు ఇస్తుంది. అవి మొలవాలంటే వెలుతురు తగలాలి. మట్టిలో లోతుగా పడితే మొలవవు.

పుట్టిల్లు యూరప్, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమ ఆసియా. ఇప్పుడు దాదాపు ప్రపంచమంతటా ఉంది. పేరు పెట్టింది లిన్నేయస్, 1753లో. ఒలరేసియస్ అంటే కూరకు పనికివచ్చేదని. ఇంగ్లీషులో సో అంటే ఆడపంది. పందులు ఇష్టంగా తింటాయని ఆ పేరు. దీని కణాల్లో 32 క్రోమోజోములుంటాయి. 18 ఉన్న సాంకస్ ఆస్పర్, 14 ఉన్న మరో సాంకస్ కలిసి పుట్టిన సంతానమై ఉంటుందని శాస్త్రజ్ఞుల అంచనా. లెక్క కూడా సరిపోతుంది చూడండి.

తినడంలో మనకంటే ఇతరులే ముందున్నారు. న్యూజిలాండ్‌లో మావోరీలు దీన్ని పూహా అంటారు. ఆకును చేతుల మధ్య నలిపి, చేదు పాలు పోయేలా కడిగి, మాంసంతో కలిపి ఉడికిస్తారు. గ్రీసులో అడవి కూరలన్నీ ఉడకబెట్టి ఆలివ్ నూనె, నిమ్మరసం చల్లుకుని తింటారు. వాటిలో ఇదీ ఒకటి. మన నారాయణగూడ మార్కెట్లో ఆకుకూరలమ్మే అమ్మను అడిగితే గంగవాయిలి, పొన్నగంటి ఇట్టే తీసిస్తుంది. దీన్ని చూపిస్తే మాత్రం, ‘‘ఇది కలుపు గదా సారూ’’ అని నవ్వుతుంది.

ఇక బలురక్కసి. ఇది మెక్సికో నుంచి వచ్చిన మొక్క, గసగసాల కుటుంబం. ఆకు మీద ఈనెల వెంట తెల్లని చారలుంటాయి. ముళ్లు నిజంగానే గుచ్చుకుంటాయి, కాయకు కూడా ముళ్లే. పువ్వు పెద్దది, పలచని వెడల్పాటి రేకులుంటాయి. విత్తనాలు నల్లగా, ఆవాల్లా ఉంటాయి. దానివల్లే అసలు ప్రమాదం. ఆవనూనెలో ఈ గింజల నూనె కలిస్తే కాళ్లు వాచి, ఊపిరాడక, గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో అలా కలిసిన నూనె తిని 60 మందికి పైగా చనిపోయారు.

అలాగని పాలు తెల్లగా వస్తే చాలు, తినేయవచ్చు అనుకోకండి. జిల్లేడు పాలూ తెలుపే, నానబాలు పాలూ తెలుపే. పాలు, బోలు కాండం, కోసు చెవులు, చిన్న పసుపు గుత్తి, ఈ నాలుగూ కలిస్తేనే ఇది ఆ మొక్క. చీలిన ఆకుల వయ్యారిభామ లేతగా ఉన్నప్పుడు దూరం నుంచి దీనిలాగే కనిపించవచ్చు. దానికి పాలు రావు. ముట్టుకుంటేనే కొందరికి ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి. ఏ ఒక్క గుర్తులో అనుమానం వచ్చినా పారేయండి.

సరైన మొక్కే దొరికిందనుకుందాం. ఎక్కడ దొరికింది? అదీ ముఖ్యమే. హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే నాలా మన అశోక్‌నగర్, చిక్కడపల్లి పక్క నుంచే పోతుంది. దాని ఒడ్డున ఏ ఆకైనా నిగనిగలాడుతూ పెరుగుతుంది. కానీ మురుగులోని, రోడ్డు దుమ్ములోని సీసం, కాడ్మియం లాంటివి వేళ్ల ద్వారా ఆకులోకి ఎక్కుతాయి. ఎన్నిసార్లు కడిగినా పైనున్న మట్టే పోతుంది, లోపలికెక్కింది పోదు. నాలా గట్టు, మెయిన్ రోడ్డు అంచు, మందు కొట్టిన స్థలం, ఈ మూడూ వద్దు.

వండే తీరు చెబుతాను. పువ్వు రాకముందు లేత ఆకే కోయాలి. ముదిరితే చేదు. ఉప్పు వేసిన మరుగు నీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, నీళ్లు వంపేసి, గట్టిగా పిండాలి. ఆపైన పెసరపప్పు, వెల్లుల్లి, ఎండుమిరప పోపుతో వేయించుకుంటే చిరుచేదుగా బావుంటుంది. మొదటిసారి కొంచెమే తినండి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ముట్టవద్దు. లివరు జబ్బుకు మందని మాత్రం నమ్మకండి. ఇందులో విటమిన్ సి, కెరోటిన్, ఖనిజాలు ఉన్నాయి. మంచి ఆకుకూర, అంతే.

కలుపును కూరగా చూడటం మనకు కొత్తేమీ కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు విత్తకుండా మొలిచే కూరల విలువను చాటి చెబుతూ వచ్చారు. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చేనులో కలుపు తీసే చేతులే ఒడిలో కూర నింపుకుని ఇంటికి వచ్చేవి. కలుపు మందు కొడితే ఆ కూర కూడా పోతుంది. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. విచిత్రమేమిటంటే, ఆస్ట్రేలియాలో ఈ సాంకస్ ఆ మందుకు కూడా లొంగకుండా తయారైంది.

ఫోన్లో బొమ్మ చూసి కూర గుర్తు పట్టలేం. పొలంలో పక్కన వంగి, ‘‘ఇది కాదు బిడ్డా, అది’’ అని చెప్పే మనిషి ఉండేది. ఆ మనిషి మన మూడంతస్తుల మేడల్లో లేదు. అందుకే పై వాటావారికి ఒక ఉపాయం చెప్పాను. సరిగ్గా గుర్తించిన మొక్క గింజలు తెచ్చి ఇచ్చి, మంచి మట్టి పోసిన కుండీలో పైపైనే చల్లమన్నాను.

మొన్న పిలిచి చూపించారు. జానెడు ఎదిగింది. నేను వంగి చూసేలోపే ఆవిడే ఒక ఆకు తుంచి, వెలుతురులో పెట్టి, ‘‘తెలుపే మాస్టారూ’’ అన్నారు. తర్వాత చెవులు చూశారు. ఆ తర్వాతే కోశారు.