మనోడేనా?

ఫోన్లో కబురు చెప్పేవాడు మాట పూర్తి చెయ్యకముందే అడ్డుపడి అడిగాను: “మనోడేనా?”

అది 2024 మార్చి. పదహారో తేదీన ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కోడ్ అమల్లోకొచ్చిన తొలి రోజుల్లోనే మా గిద్దలూరు ప్రాంతంలో ఒక పార్టీ కార్యకర్తను చంపేశారు. ఆళ్లగడ్డలో మరొకరిని చంపారు. మాచర్ల వైపు ఒక కారును తగలబెట్టారు. ప్రకాశం, నంద్యాల, పల్నాడు జిల్లాల ఎస్పీలను రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి పిలిపించి సంజాయిషీ అడిగారు. ఏప్రిల్ 2న ఎన్నికల సంఘం పక్కన పెట్టిన ఎస్పీల జాబితాలో మా ప్రకాశం జిల్లా ఎస్పీ కూడా ఉన్నారు. గిద్దలూరులో జరిగింది రాజకీయ హత్యా, పాత కక్షా అని నాయకులు టీవీల్లో వాదులాడుకున్నారు. అధికారులు జవాబు చెప్పుకున్నారు. మమ్మల్ని మాత్రం ఎవరూ పిలవలేదు, ఏమీ అడగలేదు.

మేమంటే ఎవరో చెప్పాలి. నేను ముప్పై ఏళ్ళుగా ఇక్కడ విలేకరిని. పెద్ద ఉద్యోగమేం కాదు, మండల విలేకరిని. “మనోడేనా?” అని అడగకూడని వాణ్ణి. అడిగాను. అవతలివాడు చెప్పిన జవాబు విన్నాక నాలో ఏం కదిలిందో ఇక్కడ రాయను. ఏదో ఒకటి కదిలింది, అది ఆ జవాబును బట్టి కదిలింది. చనిపోయినవాణ్ణి బట్టి కాదు. నేను ఒప్పుకోవాల్సింది ముందు ఇది.

ఆ ప్రశ్న నేనొక్కణ్ణే అడిగానా? టీ బంకు దగ్గర అడిగారు, రైతుబజారులో అడిగారు, బడి స్టాఫ్ రూములో అడిగారు. పక్కా సమాచారం వచ్చేదాకా ముఖాలు ఎటూ తేల్చుకోలేదు. జాలిపడాలా, కోపం తెచ్చుకోవాలా, “వాళ్ళు మాత్రం తక్కువ చేశారా” అని పెదవి విరవాలా అన్నది ఆ ఒక్క జవాబు మీద ఆగింది. మనిషి చచ్చిపోయాడన్న వార్తకు ఏడవాలో వద్దో తెలియక ఒక ఊరు కాసేపు ఎదురుచూసింది.

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే పాత కటింగుల పుస్తకాలు బయటపడ్డాయి. మైదాపిండి జిగురుతో అంటించినవి, చెదలు కొంత తిన్నవి. చదువుతూ కూర్చున్నాను. ఆ పుస్తకాల్లో ఎవరూ మాట్లాడినట్టు లేదు. నిప్పులు చెరిగారు. విరుచుకుపడ్డారు. ధ్వజమెత్తారు. దుయ్యబట్టారు. తూర్పారబట్టారు. ఖబడ్దార్ అని హెచ్చరించారు. కంభం చెరువు పూడిక తియ్యాలని మెత్తగా అడిగిన ఒక ఎంపీటీసీ కూడా నా చేతిలో పడి నిప్పులు చెరిగాడు. పాపం, ఆ మనిషి ఇంట్లో పొయ్యి కూడా గట్టిగా ఊదినట్టు కనపడడు.

ఎందుకు అలా రాశాను? “అన్నారు” అని రాస్తే వార్త జోన్ పేజీ అడుగుకు పోయేది. “చెరిగారు” అంటే పైకి వచ్చేది. మాకు జీతం లేదు, అచ్చయినదాన్ని కొలిచి లెక్క కట్టేవాళ్ళు. పైగా ప్రకటనల టార్గెట్ ఉండేది. ఏ నాయకుడి చేత నిప్పులు చెరిగించానో, అదే నాయకుడి పుట్టినరోజుకు ఇంటికి పోయి పావుపేజీ శుభాకాంక్షల ప్రకటన అడిగి తెచ్చుకున్నాను. ఈ ఏర్పాటు నాకు తప్పనిపించలేదు. అందరూ చేసేదే అనిపించింది. తప్పు అందరిదీ అయితే ఎవరిదీ కానట్టే ఉంటుంది.

ఫోన్ చేతికొచ్చాక పని ఇంకా తేలికైంది. ఒక సభలో ఒక నాయకుడు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందులో సింహభాగం వెలిగొండ గురించే. 1996లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు అది. శ్రీశైలం జలాశయం నుంచి కొల్లంవాగు దగ్గర మొదలయ్యే సొరంగాల గుండా 43.5 టీఎంసీలు తెచ్చి 4.47 లక్షల ఎకరాలు తడపాలి. ఇటు కనిగిరి నుంచి అటు యర్రగొండపాలెం దాకా ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టి, కాళ్ళు వంకర పోయిన ఊళ్ళకు మంచినీళ్ళివ్వాలి. ఆయన ఫీడరు కాలువ పని, ముంపు ఊళ్ళ పరిహారం, వెయ్యి అడుగులు తవ్వినా తడి తగలని బోర్లు అన్నీ లెక్కలతో చెప్పాడు. జనం కుర్చీల్లో కదులుతున్నారు, కొందరు లేచిపోతున్నారు. అది గమనించి చివర తొడ చరిచాడు. “మన ప్రభుత్వం రానీండి, ఒక్కొక్కడి సంగతి చూస్తా” అన్నాడు. ఈలలు లేచాయి.

నేను ఆ చివరి నలభై సెకన్లు కత్తిరించి గ్రూపుల్లో పెట్టాను. రాత్రికి నాలుగు మండలాలు తిరిగొచ్చి నా ఫోన్‌కే చేరింది. కాలువ ముక్క ఎవరికీ చేరలేదు, ఎందుకంటే నేను పంపలేదు. తర్వాతి సభలో ఆయన కాలువ గురించి రెండు నిమిషాలే మాట్లాడాడు, మిగతాదంతా సంగతి చూడటమే. ఆయనకు ఆ పాఠం చెప్పింది నేను. ఈల వేసినవాళ్ళు, ఆ ముక్కను ముందుకు పంపినవాళ్ళు నా తోటి పంతుళ్ళు. 2024 మార్చి 6న, అంటే ఆ హత్య జరిగిన నెలలోనే, వెలిగొండ జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. నీళ్ళు మాత్రం రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు నీళ్ళు రాకపోయినా గద్దించని ఊరు, ఎవడో ఎవణ్ణో తిట్టాడంటే మాత్రం అరగంటలో బజారున పడుతుంది.

ఇంకో సంగతి చెబుతాను. బయటివాళ్ళు నమ్మరు, మాకేమో వింతగా అనిపించదు. 2014లో గిద్దలూరులో వైఎస్సార్‌సీపీ తరఫున ముత్తుముల అశోక్‌రెడ్డి, తెలుగుదేశం తరఫున అన్నా రాంబాబు తలపడ్డారు. అశోక్‌రెడ్డి గెలిచారు. 2019లో మళ్ళీ ఆ ఇద్దరే. ఈసారి రాంబాబుది వైఎస్సార్‌సీపీ, అశోక్‌రెడ్డిది తెలుగుదేశం. రాంబాబు 81 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. 2024కి రాంబాబు మార్కాపురం పోయారు, ఇక్కడ అశోక్‌రెడ్డి గెలిచారు, ఆధిక్యం వెయ్యి కూడా దాటలేదు.

పార్టీ మారడం వాళ్ళ హక్కు, వాళ్ళను అనడానికి ఇది రాయడం లేదు. మా సంగతే చూడండి. ఇద్దరు మనుషులు ఐదేళ్ళలో జెండాలు అటుదిటు చేసుకున్నారు. 2014లో ఒక నాయకుడి కోసం పెదనాన్న కొడుకుతో మాటలు మానేసినవాడు, 2019 నాటికి ఆ నాయకుడే పెదనాన్న కొడుకు పార్టీలోకి వచ్చినా మాటలు కలపలేదు. నాయకుడు దాటిన గట్టును కార్యకర్త దాటలేకపోయాడు. రాచర్ల, కొమరోలు, బేస్తవారిపేట, అర్ధవీడు ఎక్కడికైనా పోండి, జెండా దిమ్మెల పక్కనే పాత పగలు కూడా కట్టి ఉంటాయి. 81 వేల ఆధిక్యం ఇచ్చిన ఊరే ఐదేళ్ళకు అటు తిరిగింది. అంటే మా అభిప్రాయాలు అంత తేలికగా మారతాయి. అంత తేలికగా మారేదానికి ప్రాణం తియ్యడం, ప్రాణం ఇవ్వడం ఏమిటని ఏ వార్తలోనూ నేను అడగలేదు. ఆధిక్యాల పట్టిక మాత్రం తప్పుల్లేకుండా ఇచ్చాను.

పార్టీల గొడవ కొత్తదనీ, వెనకటి రోజులు బాగుండేవనీ అనబోతే కటింగుల పుస్తకమే నా నోరు మూసింది. వెనకటి పేజీల్లో నల్లమల ఉంది. 1995 డిసెంబరు 1న ఒంగోలు ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపారు. అడవి అంచు పల్లెల్లో ఎవరో ఒకరి శవం దొరికేది, పక్కన ఒక చీటీ ఉండేది. మరుసటి రోజు నా హెడ్డింగు: “ఇన్‌ఫార్మర్ హతం.” కొటేషన్ గుర్తులు కూడా పెట్టలేదు. చంపినవాళ్ళు రాసిన మాటను చనిపోయినవాడి ఇంటిపేరులా రాశాను. అవతల పోలీసులు “ఎన్‌కౌంటర్” అన్నప్పుడూ అంతే, ఆ మాటనూ ఉన్నదున్నట్టు దించాను. ఆ ఒక్కమాటతో పాఠకుడికి ఊరట దొరికేది. ఇన్‌ఫార్మరట, అయితే మనకేం కాదు. నక్సలైటట, అయితే మనకేం కాదు. “మనోడేనా?” అన్న ప్రశ్నకు అప్పటి రూపం అదే.

2004 అక్టోబరు 11న మావోయిస్టు నాయకుడు ఆర్కే చర్చల కోసం చిన్న ఆరుట్ల దగ్గర అడవి దాటి బయటికొచ్చాడు. జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. తుపాకులు పట్టుకున్నవాళ్ళను చూడ్డానికి పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. హైదరాబాదులో నాలుగు రోజులు చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా అవి చెడిపోయాయి. ఆ ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని చంపారు, వెంటనే మావోయిస్టుల మీద నిషేధం మళ్ళీ వచ్చింది. ఆ మధ్యలో ఉన్న కొద్ది నెలలు ఎవరూ చావకుండా గడిస్తే చాలని మేం గొంతెత్తి అడగలేదు. తిరునాళ్ళ కబుర్లు మాత్రం కథలు కథలుగా రాశాం.

ఇంకా వెనక్కి పోతే, అప్పట్లో మా ప్రకాశం జిల్లాలోనే ఉన్న కారంచేడు. 1985 జూలై 17న ఆరుగురు దళితులను వేటాడి చంపారు. తాగునీటి చెరువు దగ్గర గేదెల్ని కడుగుతుంటే వద్దన్నందుకు మొదలైన గొడవ అది. సుప్రీంకోర్టు చివరి తీర్పు రావడానికి 2008 డిసెంబరు దాకా, ఇరవై మూడేళ్ళు పట్టింది. ఆ ఊరు మాకు దూరం, నిజమే. “వాళ్ళకు కావరమెక్కింది” అన్న మాట మాత్రం మా ఇళ్ళలోనూ ఉంది. మా నాయన అనేవాడు, నేను అన్నం తింటూ వినేవాణ్ణి. ఆ మాట పనిచేశాక గొడ్డలి పని తేలికవుతుంది.

మాట ఎంత దూరం పోతుందో చూడండి. రువాండాలో 1994లో వంద రోజుల్లో లక్షల మందిని ఊచకోత కోశారు. ఆ మారణకాండ కేసులో ఐక్యరాజ్యసమితి న్యాయస్థానం 2003 డిసెంబరులో శిక్ష వేసినవాళ్ళలో ఒక రేడియోను స్థాపించినవాళ్ళతోబాటు ఒక పత్రిక సంపాదకుడూ ఉన్నాడు. గిద్దలూరు రువాండా కాదు, కాకూడదు. కాకపోతే ఆ తీర్పు గురించి చదివినప్పుడు నా పుస్తకం గుర్తొచ్చింది. పొరుగువాణ్ణి బొద్దింక అంటూ ఆ రేడియో మొదలుపెట్టింది. మనం కుక్క, పంది, సన్నాసి దాకా వచ్చేశాం, అదీ టీవీ చర్చల్లో, పట్టపగలు.

చట్టం లేదా? ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 125వ సెక్షన్ ఎన్నికల వేళ మతం, జాతి, కులం, భాష పేరుతో వైరం రెచ్చగొడితే మూడేళ్ళ దాకా జైలంటుంది. విద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు కోసం చూడకుండా తమంతట తామే కేసులు పెట్టాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అయితే ఆ 125వ సెక్షన్ జాబితాలో పార్టీ లేదు. ఎదుటి పార్టీవాడు కూడా ఒక జాతి అయిపోతాడని, పిల్లనిచ్చి పుచ్చుకునేటప్పుడు ఏ పార్టీ అని ఆరా తీసే రోజొస్తుందని చట్టం రాసినవాళ్ళు ఊహించి ఉండరు. మేం ఆ రోజు తెచ్చాం.

ఒక పక్షం ఎదుటివాళ్ళ పేర్లు రాసుకునే రెడ్‌బుక్ అంది. ఇంకో పక్షం అభిమానులు సినిమాలోని “రప్పా రప్పా” నరుకుడు మాట పట్టుకొచ్చి 2025 జూన్‌లో పల్నాడులో ప్లకార్డు ఎత్తారు, సినిమా మాటలో తప్పేముందని వాళ్ళ నాయకుడే వెనకేసుకొచ్చాడు. రెండూ ఫ్లెక్సీలెక్కాయి. రెండింటి మీదా మేం నవ్వుకున్నాం. ఒక బడి వార్షికోత్సవంలో ఆరేళ్ళ పిల్లాడు చెయ్యి కత్తిలా ఊపి ఆ మాట అంటే తల్లిదండ్రులు ఈలలేశారు. నేను ఫోటో తీసి కింద “ఆకట్టుకున్న చిన్నారి” అని రాశాను. ఇది ఏ ముప్పై ఏళ్ళ నాటిదో కాదు, మొన్నటిది.

మాకు ఇంకో ప్రశ్న కూడా వచ్చు. “వాళ్ళు చెయ్యలేదా?” ప్రభుత్వం మారగానే ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటును తీసేస్తే వాళ్ళు చెయ్యలేదా అంటాం. రేషన్ డీలరును మారిస్తే, చీనీ చెట్లు నరికితే వాళ్ళు చెయ్యలేదా అంటాం. నిజంగానే వాళ్ళు చేశారు. అప్పుడు వాళ్ళవైపువాళ్ళు కూడా ఇదే ప్రశ్న అడిగారు. ఈ తాడుకు రెండో కొస ఎక్కడుందో చూద్దామని ఇంతవరకూ ఎవరూ పోలేదు. మంచివాళ్ళు, ఏ పార్టీకీ చెందనివాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళంతా “మనకెందుకు” అని తలుపేసుకున్నారు. ఆ వేసిన తలుపుల వల్లే వీధి మొత్తం తొడగొట్టేవాళ్ళకు మిగిలింది.

ఆ 2024 మార్చి హత్య కటింగు కూడా పుస్తకంలో ఉంది. చాలాసేపు చూశాను. పద్నాలుగు లైన్లు. అందులో పార్టీల పేర్లు ఏడుసార్లు వచ్చాయి, చనిపోయిన మనిషి పేరు ఒక్కసారి. ఆయన ఏ పంట వేసేవాడో, సాయంత్రం పొలం నుంచొస్తే ఎవరు ఎదురొచ్చేవాళ్ళో అందులో లేదు. నేను అడగలేదు కాబట్టి లేదు. నాయకుల ప్రకటనలు తీసుకున్నాను, పోలీసుల వివరాలు తీసుకున్నాను, ఆ ఇంటి గడప తొక్కలేదు.

పోవాలి. కెమెరా లేకుండా, ఎవరి కారూ ఎక్కకుండా పోవాలి. పోయి ఏమడగాలో రోజూ మనసులో కూడబలుక్కుంటున్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, నోరు తెరిస్తే ముందు వచ్చేది ఇంకా ఆ మాటే.