వెయ్యి పదాల పీడీఎఫ్ పక్కన పెట్టండి

జీఆర్‌ఈ రాయాలనుకోగానే మనవాళ్లు చేసే మొదటి పని, వెయ్యి పదాల పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోవడం. రోజుకు యాభై, ఇరవై రోజుల్లో ఫినిష్ అని ప్లాన్. నాలుగో రోజుకి మొదటి రోజు పదాలు ఒక్కటీ గుర్తుండవు. మెమరీ పవర్ లేదని బాధపడకండి, పద్ధతి మారిస్తే చాలు.

ఆహారం, విహారం, సంహారం, పరిహారం. తెలుగు క్లాసులో చదివినవే. ‘హారం’ ఒక్కటే, ముందు చేరిన ఉపసర్గ అర్థాన్ని మార్చేసింది. ఇంగ్లీషు పెద్ద పదాలు చాలావరకు లాటిన్, గ్రీకు ముక్కలతో ఇలాగే తయారయ్యాయి. లాటిన్‌లో ‘స్పెక్ట్’ అంటే చూడటం. స్ప్రింట్ అయ్యాక మా టీమ్‌లో జరిగే ‘రెట్రోస్పెక్టివ్’ అంటే వెనక్కి తిరిగి చూసుకోవడం. ‘సర్కమ్‌స్పెక్ట్’ అంటే చుట్టూ చూసి అడుగేసేవాడు, అంటే ఆచితూచి నడిచే మనిషి. ఒక్క ముక్క తెలిస్తే నాలుగు పదాలు వచ్చేస్తాయి.

అయితే పదం పోలికను నమ్మి అర్థం ఊహించొద్దు. ‘ఎనర్వేట్’ వినగానే ఎనర్జీ ఇచ్చేదేమో అనిపిస్తుంది. నిజానికి ఒంట్లో సత్తువ లాగేయడం. ‘నాయిసమ్’కీ నాయిస్‌కీ సంబంధమే లేదు, కంపు కొట్టేదని అర్థం. జడ్జి ‘డిసింట్రెస్టెడ్’ అంటే కేసు మీద ఆసక్తి లేదని కాదు, ఎవరి పక్షమూ వహించడని.

ఒకే పదానికి రెండు ఎదురు అర్థాలూ ఉంటాయి. బ్యాంకు లోన్ ‘శాంక్షన్’ చేస్తే పండగ. ఒక దేశం మీద ‘శాంక్షన్స్’ పెడితే శిక్ష. ఆఫీసులో ఇది ఇంకా డేంజర్. ఒక విషయాన్ని ‘టేబుల్’ చేద్దామని బ్రిటన్ క్లయింట్ అంటే చర్చకు పెడదామని, అమెరికా క్లయింట్ అంటే ప్రస్తుతానికి పక్కన పెడదామని. అర్థం తిరగబడితే మీరు చేసే పనీ తిరగబడుతుంది.

పరీక్ష కూడా మారింది. 2011లో జీఆర్‌ఈ నుంచి యాంటనిమ్స్, అనాలజీస్ తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇస్తారు, అందులో సరిగ్గా అతికే పదం ఎంచుకోవాలి. ఒక్క ముక్కలో బట్టీ పట్టిన అర్థం అక్కడ ఆదుకోదు.

మరి మర్చిపోకుండా ఉండేదెలా? 1885లోనే జర్మన్ సైకాలజిస్ట్ హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాలు కంఠస్థం చేస్తూ తన మీద తనే ప్రయోగం చేసుకున్నాడు. మొదట్లో చాలా వేగంగా మర్చిపోతాం, తర్వాత ఆ వేగం తగ్గుతుందని తేల్చాడు. అందుకే రేపొకసారి, మూడు రోజులకొకసారి, వారానికి, నెలకి ఇంకోసారి చూసుకోవాలి. ఆంకీ లాంటి యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది.

నా సలహా, రోజుకు ఐదు పదాలు చాలు. ప్రతి పదానికీ మూలం చూడండి, మీ జీవితం గురించే ఒక వాక్యం రాయండి. మీ రూమ్మేట్ ‘లొక్వేషస్’ అని, అంటే వాగుడుకాయ అని, ఒక్కసారి రాస్తే ఆ పదం ఇక మిమ్మల్ని వదలదు. ఆ వాక్యం మాత్రం వాడికి చూపించకండి!