వెగెనర్‌ని చూసీ నవ్వారట!

మనవాళ్ళ వాదనల్లో ఓ బ్రహ్మాస్త్రం ఉంది. "ఖండాలు కదులుతాయంటే వెగెనర్‌ని చూసి కూడా ఇలాగే నవ్వారు తెలుసా?" అంటారు. అంతే, ఇక ఎదుటివాడి నోరు మూతపడాలి. వాదిస్తున్నది నీళ్ళతో నడిచే కారు గురించైనా సరే, వాస్తు గురించైనా సరే. వెగెనర్‌ని ఇంత చవగ్గా వాడుకోవడం నాకు ఒళ్ళుమంట.

ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ జర్మనీకి చెందిన వాతావరణ శాస్త్రవేత్త. ఖండాలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవని 1912లో చెప్పాడు. చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు, నిజమే. మరి ఎందుకు ఒప్పుకోలేదు? ఆ ముక్క ఎవరూ చెప్పరు. ఖండాల్ని నెట్టేది ఏంటయ్యా అంటే, భూమి తిరగడం వల్ల పుట్టే బలం, సూర్యచంద్రులు లాగే బలం అన్నాడాయన. హెరాల్డ్ జెఫ్రీస్ లెక్కేసి, అవి ఏ మూలకీ చాలవని తేల్చాడు. ఆ లెక్క కరెక్టే! గ్రీన్‌లాండ్ ఏడాదికి మీటర్ల కొద్దీ జరుగుతోందని కూడా వెగెనర్ అన్నాడు. నిజానికి అమెరికా, యూరప్‌లు దూరమయ్యేది ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లే.

అయినా ఆయన్ని నిలబెట్టింది సాక్ష్యం. మన సింగరేణి బొగ్గు ఉన్న గోండ్వానా రాళ్ళలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు దొరుకుతాయి. (గోండ్వానా అన్న పేరు గోండుల నేల నుంచి వచ్చిందే.) అవే ఆకులు దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. ప్రాణం పోతున్నా పారెయ్యలేదు వాటిని. వాటిలోనూ ఇదే ఆకు!

ఈ ఆకుల సంగతి వ్యతిరేకులకి తెలియక కాదు. ఖండాల మధ్య వంతెనల్లాంటి నేల ఉండేదనీ, తర్వాత సముద్రంలో మునిగిపోయిందనీ సర్దిచెప్పుకున్నారు. నాకు మింగుడుపడనిది ఇక్కడే. కదిపే బలమేదో చూపించమని వెగెనర్‌ని నిలదీసినవాళ్ళు, తేలికైన రాతితో ఉన్న అంత నేల బరువైన రాతిలోకి ఎలా మునిగిందో తమని తాము అడుక్కోలేదు. వెగెనర్ మాత్రం అడిగాడు.

చివరికి తేల్చింది సముద్రం అడుగు. 1950ల్లో మేరీ థార్ప్ అట్లాంటిక్ అడుగు మ్యాపు గీస్తూ, నట్టనడుమ కొండల వరుసలో పొడవాటి చీలికని పట్టుకుంది. ఆ వరుసకి అటూ ఇటూ ఉన్న రాళ్ళలో అయస్కాంత చారలు ఎందుకున్నాయో 1963లో వైన్, మాథ్యూస్ వివరించారు: కొత్త నేల నడిమధ్యలో పుట్టి రెండు వైపులకీ జరుగుతోంది. మరో నాలుగైదేళ్ళలో చాలామంది మనసు మార్చుకున్నారు. జెఫ్రీస్ మాత్రం 1989లో పోయేదాకా మారలేదనుకోండి, అది వేరే సంగతి.

వెగెనర్ ఇవేవీ చూడలేదు. 1929లో వచ్చిన తన పుస్తకం నాలుగో కూర్పులో, ఖండాల్ని కదిపే బలం సంగతి ఇంకా తేలలేదని ఆయనే రాశాడు. మరుసటి ఏడాది గ్రీన్‌లాండ్‌లో, మంచు నడుమనున్న శిబిరానికి సరుకులు చేర్చాలని వెళ్ళి తిరిగొస్తూ దారిలోనే చనిపోయాడు.